దూది అనుకున్నాను

మా గౌరి గొంతు మొదట బొంగురుపోయింది ఏ రోజో నాకు గుర్తు లేదు. ఎవరైనా అడిగితే అరవై ఆరు ఎండాకాలం అంటాను. పిల్లకి అప్పుడే మూడేళ్ళు నిండాయి. ఎండల్లో పిల్లలు అరుస్తారు, ఆడతారు, గొంతు పోతుంది, నాలుగు రోజులకి మళ్ళీ వస్తుంది. ఎవరు పట్టించుకుంటారు? పట్టించుకోవాల్సిందని తరవాత అందరూ చెప్పారు. తరవాత చెప్పేవాళ్ళకి మా ఊళ్ళో ఎప్పుడూ కరువు లేదు.

ఇప్పుడు గండం గడిచింది కాబట్టి రాయగలుగుతున్నాను. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాను, ఆ చదువు ఇన్నాళ్ళకి ఇందుకు పనికొచ్చింది. రాస్తుంటే మనసు కాస్త నిలబడుతోంది. ఇంకో సంగతి కూడా ఉంది. నాలాగే తెలివి ఉపయోగించాననుకుని బిడ్డకి కీడు చేసే తల్లి ఎక్కడైనా ఉంటే, ఇది చదివి చెయ్యి వెనక్కి తీసుకుంటుందని ఆశ.

మాది పొందూరు. నేను పుట్టింది మాత్రం నౌపడలో. మా నాన్న అక్కడ ఉప్పు మళ్ళలో కాటా దగ్గర పని చేస్తాడు. నన్ను మేనత్త కొడుక్కే ఇచ్చారు. పెళ్ళికి ముందూ ఆయన బావే, తరవాతా బావే. ఆయన మగ్గం మీద, అత్తా నేనూ రాట్నాల దగ్గర. మా ఇంట్లో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతాం. ఆ ఎముక పళ్ళు ఎంత సన్నగా ఉంటాయంటే పత్తిలో ఉన్న చెత్తంతా అక్కడే ఆగిపోతుంది, దూది మాత్రం పొగలాగా లేస్తుంది. ఆ నలుసు కూరలో ఉంటుంది, కనురెప్పల మీద ఉంటుంది, దేవుడి పటం మీద ఉంటుంది. గౌరి నా ఒళ్ళో పడుకుని, ఆ నలుసు పీలుస్తూనే పెరిగింది.

గొంతు నెల దాటినా బాగుపడకపోయేసరికి అత్త తేల్చేసింది.

"ఒసే, గుంటని ఒళ్ళో ఎట్టుకుని పత్తి దువ్వొద్దని ఎన్నిమార్లు సెప్పినానే నీకు? దూది మింగేసినాది. గొంతులో సుట్టుకుపోనాది. ఇంకేటుంటాది?"

ఎవరూ కాదనలేదు. అందరికంటే ముందు నేనే నమ్మాను. మా ఇంట్లో దగ్గొస్తే దూది, కన్నెర్రబడితే దూది, పొయ్యి రాజుకోకపోయినా దూదే. గొంతులో చేపముల్లు దిగితే ఏం చేస్తాం? నమలకుండా అన్నం ముద్ద మింగిస్తాం, ముల్లు దాంతోపాటు పోతుంది. అదే వైద్యం మొదలుపెట్టాను. పూటకి అయిదు ముద్దలు, నెయ్యి రాసి. ముద్దలు అయ్యాక అరటిపండు ముక్క. గౌరి మొండి పిల్ల కాదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గుటుక్కున మింగి, "పోనాదా అమ్మా?" అని ఆ బొంగురు గొంతుతోనే అడిగేది. ఎనిమిది నెలలు అలా మింగించాను.

అరవై ఏడు మాఘమాసానికి గొంతు సంగతి వెనక్కిపోయి ఊపిరి సంగతి ముందుకొచ్చింది. పిల్ల గాలి పీలిస్తే నూనె చాలని రాట్నంలాగా చప్పుడయ్యేది. సూదిమందు వేసే ఆయన ఉబ్బసమన్నాడు. పది రోజులు సూదులు వేశాడు. ఒకనాడు పొద్దున్న అరుగు మెట్లు రెండెక్కి గౌరి కూలబడింది. పెదాలు నేరేడుపళ్ళలా అయిపోయాయి. గాలి పీలుస్తుంటే పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంటలు పడుతోంది. బావ మగ్గం గుంటలోంచి అలాగే లేచి, పిల్లని భుజాన వేసుకుని స్టేషనుకి పరుగెత్తాడు. అత్తా నేనూ వెనకాల.

విశాఖపట్నం పెద్దాసుపత్రికి ఆ పాసింజరు బండి ఎన్ని గంటలకి చేర్చిందో నాకు తెలియదు. విజయనగరంలో బండి చాలాసేపు ఆగింది. ఎవరో ముసలాయన కిటికీ పక్క చోటు వదిలేసి, పిల్లకి గాలి తగలాలని నిలబడే వచ్చాడు. ఆయన పేరు కూడా అడగలేదు.

ఆసుపత్రిలో గొంతు డాక్టరుగారు పిల్లని చూస్తూనే అడిగారు. "ఎన్నాళ్ళ నుంచి?"

"నెల్రోజులైనాది బాబూ" అన్నాను.

అత్త నా పక్కనే ఉంది. పిల్ల జుట్టు సర్దింది. ఎనిమిది నెలలు అంటే తిడతారని భయం. ఆ భయంతో ఆడిన మొదటి అబద్ధం అది.

అప్పటికప్పుడు పిల్లని లోపలికి తీసుకెళ్ళి, గొంతు కింద బెజ్జం చేసి వెండి గొట్టం పెట్టారు. బయటికి తెచ్చేసరికి గౌరి ఛాతీ నెమ్మదిగా, చప్పుడు లేకుండా లేస్తోంది, దిగుతోంది. ఎన్ని నెలలకి అలా చూశానో. నేను దణ్ణం పెట్టుకుంటూ ఉండగానే అది కళ్ళు తెరిచింది. నన్ను చూసి నోరు తెరిచి ఏడ్చింది. ముఖం ఎర్రబడింది, కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. చప్పుడు మాత్రం లేదు.

నేను గుండెలు బాదుకున్నాను. వార్డు ఆయా నా చేతులు పట్టుకుంది. "ఊరుకో తల్లీ. గొట్టం ఉన్నన్నాళ్ళూ అంతే. గాలి కిందనించే ఎలిపోతాది, పలుకు పైకి రాదు. సిటికెయ్యడం నేర్పు. నీల్లకి ఒకటి, అన్నానికి రెండు." ఆ ఆయమ్మే నాకు లోగొట్టం తీసి వేడినీళ్ళలో మరగపెట్టడం, కఫం తుడవడం, మళ్ళీ తొడగడం నేర్పింది. మొదటిసారి నేను లోగొట్టం జారవిడిస్తే నవ్వింది. "సన్నపోగు తీసే సెయ్యి, ఇది రాదేటి?" అంది.

మూడోనాడు లోపలున్నవి తీశారు. డాక్టరుగారు ఒక సీసా చూపించారు. "గొంతులో పులిపిర్లలాంటివి మొలిచాయమ్మా. చంపేవి కావు గానీ దారికి అడ్డం పడతాయి. మళ్ళీ మొలుస్తాయి, మళ్ళీ తీయాలి. ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. ముక్క పరీక్షకి పంపుతున్నాం." ఆయన ఇంకా ఏదో చెబుతున్నారు. నేను సీసానే చూస్తున్నాను. నీళ్ళలో తెల్లగా, మెత్తగా, కుచ్చులు కుచ్చులుగా తేలుతున్నాయి. తడిసిన దూది చిటికెడు అచ్చం అలాగే ఉంటుంది.

అత్త నా మోచేతిని పొడిచింది. "సూసినావా?" అంది మెల్లగా.

చూశాను. డాక్టరుగారు పులిపిరి అంటే ఏమిటి, కండ అంటే ఏమిటి? పాపం ఆయనకి పత్తి తెలియదు, మాకు తెలుసు అనుకున్నాను.

ఇంటికొచ్చాం. వారం తిరక్కుండానే గొట్టం మూతి దగ్గర నిజంగానే నలుసు పేరుకోవడం మొదలుపెట్టింది. ఎంత తుడిచినా గంటకోసారి. అప్పుడు బావ ఒక మాట చెప్పాడు. ఆయన మాటలు తక్కువ.

"గుంటని తీసుకుని నౌపడ ఎలిపో. ఇక్కడ దూది, అక్కడ ఉప్పు. ఉప్పు ఎగిరొచ్చి గొట్టంలో పడదు."

అమ్మ పోయిన ఇంట్లో నాన్న ఒక్కడే ఉంటున్నాడు. అక్కడికి చేరాం. మొగుడూ పెళ్ళాలం విడిగా ఉన్నామని రెండూళ్ళవాళ్ళూ నోటికొచ్చింది అనుకున్నారు. నెలకోసారి బావ పాసింజరు బండిలో వచ్చి, గౌరి గొట్టం మీద కట్టడానికి గుడ్డముక్కలు ఇచ్చి వెళ్ళేవాడు. ఆ గుడ్డ ఆయన వేరుగా నేసేవాడు. గాలి ఆడాలి, దుమ్ము ఆగాలి. అంత పలచటి నేత ఆయన దేవుడి పంచె కోసం కూడా నెయ్యలేదు.

నాలుగు నెలలకోసారి ఆసుపత్రి. రైలింజను మసి పడకుండా ఆ గుడ్డ తడిపి కట్టి, దారి పొడుగునా ఆరకుండా చూసుకుంటూ తీసుకెళ్ళేదాన్ని. వరండాలో బల్ల మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. ఆ బల్ల మీదే ఎర్రమ్మ పరిచయమైంది. కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డున ఊరు, ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఆమె మొగుడికి గొంతులో పుండు. పడవ మీద నిలబడి కేకేస్తే ఒడ్డున ఉన్నవాళ్ళకి వినపడేదట, ఇప్పుడు నీళ్ళు దిగడం లేదు. గౌరి చేతిలో వేయించిన శనగలు పోసి, పక్కన కూర్చోపెట్టుకుని నాతో చెప్పింది.

"మొదట ముక్క బాగానే ఉన్నాదన్నారమ్మా. రెండోసారి ముక్క మారిపోనాదన్నారు. మారిపోనాదంటే ఏటో నాకు అప్పుడు తెల్దు."

నాకూ తెలియదు. కానీ ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మూడోసారి తీసి పంపించేటప్పుడు డాక్టరుగారిని అడిగాను, వేరుతో సహా తీసెయ్యొచ్చు కదా అని. "దానికి వేరుండదమ్మా. పైకి శుభ్రంగా కనిపించే చోటే మళ్ళీ మొలుస్తుంది" అన్నారు. వేరు లేకుండా మొలవడం ఏమిటి? లోపలెక్కడో ఆయన కత్తికి అందని నలుసు మిగిలిపోతోంది, దాని చుట్టూ మళ్ళీ చిక్కుపడుతోంది అనుకున్నాను. ఏకులా వచ్చి మేకులా తగులుకుంది ఈ రోగం, దీన్ని నేనే ఊడబీకాలి అనుకున్నాను.

ఇప్పుడు రాయబోయేది రాయడానికే ఈ కాగితాలు ముందు పెట్టుకున్నాను.

చాకలి సోడా నీళ్ళలో ఉడికిస్తే దూదిలో జిడ్డు వదులుతుంది, ముద్ద కట్టింది విడిపోతుంది. రాట్నం ముందు కూర్చున్న ప్రతి ఆడదానికీ ఇది తెలుసు. అరవై ఏడు పోయి అరవై ఎనిమిది వచ్చిన కొత్తలో, నౌపడలో, నాన్న కాటాకి వెళ్ళాక సోడా నీళ్ళు కలిపాను. ముందు నా నాలిక మీద వేసుకుని చూసుకున్నాను. కాస్త చురుక్కుమంది, పరవాలేదనుకున్నాను. కోడి ఈక ముంచి, గౌరిని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నోరు తెరిపించి, గొంతు లోపల ఎంత దూరం అందితే అంత దూరం పూశాను. రోజూ పొద్దున్నే. తొమ్మిది రోజులు.

అది గింజుకునేది. నోరు అంతంత తెరిచేది. కళ్ళమ్మట ధారగా నీళ్ళు. చప్పుడు లేదు. పొరుగింటి పిల్లకి తల దువ్వితేనే వీధి చివరికి వినపడేలా ఏడుస్తుంది. ఇది చప్పుడు చెయ్యడం లేదు కదా, అంతగా మండటం లేదు కాబోలు అని నా బుర్ర ఎక్కడో అనుకుంది. గొట్టం ఉందని తెలిసి కూడా అనుకుంది. దీన్ని క్షమించమని నేను ఎవరినీ అడగడం లేదు.

తొమ్మిదోనాడు నాన్న గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చి చూశాడు.

"ఏటే అది?"

"మందు నాన్నా."

"ఏ డాక్టరిచ్చినాడు?"

 గౌరి పెదవి లోపల తెల్లగా పొర లేచి ఉంది. ఆ రోజే సోడా గిన్నె బోర్లించాను. నాన్న మళ్ళీ అడగలేదు, నేను చెప్పలేదు.

ఇరవై రోజుల తరవాత నాలుగోసారి ముక్క తీశారు. మామూలుగా పంపేసేవాళ్ళు, ఈసారి ఉండమన్నారు. పొందూరుకి కార్డు రాస్తే బావ వచ్చాడు. పది రోజులు వరండాలో ఎదురుచూశాం. పిలిచినప్పుడు డాక్టరుగారు మమ్మల్ని కూర్చోమన్నారు. ఇన్నాళ్ళలో కూర్చోమనడం అదే మొదటిసారి.

"ఈసారి ముక్క బాగా లేదు. కణాల రూపు మారింది. మామూలు పులిపిరిలో ఇలా ఉండకూడదు" అన్నారు. రెండు దారులున్నాయన్నారు. గొంతుకి కరెంటు, అంటే ఎక్స్‌రే లాంటి కిరణాలు, పెట్టడం ఒకటి. చిన్నపిల్లలకి అది పెడితే పెద్దయ్యాక అక్కడే చెడ్డ పుండు లేస్తున్నట్టు చదివానని, తనకి ఇష్టం లేదని ఆయనే చెప్పారు. రెండోది స్వరపేటిక మొత్తం తీసెయ్యడం. ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం ఇక ఎప్పటికీ రాదు. సోమవారం లోపల చెప్పమన్నారు. అది శుక్రవారం.

బావ భుజం మీద తుండు తీసి ముఖం మీద వేసుకున్నాడు. గౌరి ఆయన మోకాలి దగ్గర నిలబడి, తుండు లాగి, రెండు చిటికెలు వేసింది. దానికి ఆకలేస్తోంది.

శనివారం పొద్దున్న ముక్కలు పరీక్ష చేసే డాక్టరమ్మ మా కోసం కబురు చేసింది. వార్డుకి వెనకాల చిన్న గది, ముక్కు మండే వాసన. చిన్నావిడే, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. బల్ల మీద నాలుగు గాజు పలకలు వరసగా పెట్టుకుంది. నాలుగూ గౌరివే.

"మొదటి మూడూ ఒక్కలాగే ఉన్నాయమ్మా. నాలుగోది ఉన్నట్టుండి ఇలా మారింది. నిజంగా చెడ్డదైతే ఇలాగే మారవచ్చు. కానీ చర్మం కాలినా, పుండు పడి మానుతున్నా కణాలు ఇలాగే గాభరాగా కనిపిస్తాయి. అందుకని అడుగుతున్నాను. పిల్ల గొంతులో ఏమైనా పోశారా? నాటు మందు, పసరు, ఏదైనా?"

బావ నా పక్కనే ఉన్నాడు. ఆయన నేసిన గుడ్డ పిల్ల మెడకి ఉంది.

"నేదమ్మా" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, సరే అని తల వంచుకుంది. బయటికొచ్చాం. బావ గౌరికి ఇడ్లీ కొనడానికి వెళ్ళాడు. నేను బల్ల మీద కూలబడ్డాను. ఎర్రమ్మ అక్కడే ఉంది. మొగుడు లోపల వార్డులో ఉన్నాడు, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారట.

"ఏటడిగినాది ఆ డాక్టరమ్మ?"

చెప్పాను, నా జవాబు కూడా చెప్పాను. ఎర్రమ్మ నా ముఖం లోకి చూసింది. 

"మా ఓడినీ అడిగినారు. సుట్టలు, సారా, ఉన్నదంతా సెప్పినాం. మాకు సెప్పినా తేడా ఏటీ నేకపోనాది. నీకు సెప్తే తేడా వస్తాదేమో. తిడితే తిడతారు. తిట్లకి ఎవులూ సచ్చిపోరే."

నేను లేచాను. ఆ గది గుమ్మం దాకా నడిచేసరికి ఇడ్లీ పొట్లం పట్టుకుని బావ, పిల్ల ఎదురొచ్చారు. ఆయన్ని పంపేసి ఒక్కదాన్నే చెప్పుకోవచ్చు. అలా చెయ్యలేదు. "నువ్వూ రా బావా" అన్నాను.

అంతా చెప్పాను. సోడా, ఈక, తొమ్మిది రోజులు. అన్నం ముద్దలు, నెల కాదు ఎనిమిది నెలలన్న సంగతి కూడా. డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాగితం తీసుకుని, చిక్కగా కలిపారా పలచగానా, రోజుకి ఎన్నిసార్లు, ఆపి ఎన్నాళ్ళు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. మాట పూర్తయ్యాక బావ ఇడ్లీ పొట్లం బల్ల చివర పెట్టి, గౌరిని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆవిడ నాలుగో పలక పట్టుకుని గొంతు డాక్టరుగారి గదికి వెళ్ళింది. తలుపు వారగా తెరిచి ఉంది. ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. చివరికి నన్ను పిలిచారు. ఎనిమిది వారాలు ఆగుదామన్నారు. గొంతు ముట్టుకోకూడదు, ఏదీ పూయకూడదు. అప్పుడు మళ్ళీ ముక్క తీసి చూద్దామన్నారు.

డాక్టరమ్మ నాతో వరండా దాకా వచ్చింది. "నేను పొరబడి ఉంటే ఈ ఎనిమిది వారాలూ పిల్లకి నష్టం. ఇది మీకు తెలిసి ఉండాలి" అంది.

రైల్లో బావ ఒక్క మాట మాట్లాడలేదు. పొందూరు రాగానే దిగిపోయాడు. నేనూ గౌరి నౌపడ దాకా వెళ్ళాం. ఆ ఎనిమిది వారాల్లో నేను తిన్నదేమిటో, పడుకున్నదెక్కడో నాకు తెలియదు. కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని చిన్నప్పుడు ఎన్నోసార్లు నవ్వుతూ అన్నాను. ఇప్పుడు ఆ మాట ఎవరైనా అంటే లేచి పక్కకి వెళ్ళిపోతాను.

మూడో వారంలో అత్త వచ్చింది, ఒక్కతీ. నాకు తెలిసి ఆమె ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. బావ అంతా చెప్పే ఉంటాడు, చీపురు తిరగేస్తుందని గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాను. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, సంచిలోంచి గుడ్డముక్కలు తీసి నా చేతిలో పెట్టింది.

"ఆడిచ్చినాడు. ఏటీ సెప్పమన్నేదు, అందుకని నానూ సెప్పను" అంది. తరవాత గౌరిని ఒళ్ళోకి లాక్కుని, నా వైపు చూడకుండానే అంది. "దూదని ముందు అన్నది నాను. నీ నోట్లో ఎట్టింది నాను. నీకు తట్టినాది, సోడా పూసినావు. నాకు తట్టుంటే నానే పూసుందును. నిన్నొక్కదాన్నే అనడానికి నాకు నోరు నేదు."

ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. గౌరి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నీళ్ళకి చిటికె వేసింది.

వైశాఖం ఎండల్లో అయిదోసారి ముక్క తీశారు. ఈసారి జవాబు డాక్టరుగారు చెప్పలేదు. డాక్టరమ్మే వరండాలోకి నడిచి వచ్చింది. దూరం నుంచే నవ్వింది, అలా నవ్వుతూ రావాలని తెలిసిన మనిషి. "మొదటి మూడింటిలాగే ఉంది" అంది. నేను ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగి, "కాళ్ళెందుకు, కళ్ళతో చూడండి" అని గదిలోకి తీసుకెళ్ళింది.

భూతద్దం గొట్టానికి కన్ను ఆనించి చాలాసేపు ఏమీ కనపడలేదు, నా కనురెప్పలే కనపడ్డాయి. తరవాత కనిపించింది. వేళ్ళలాగా లేచినవి. ఒక్కో వేలి మధ్యలో సన్నటి పోగు, దాని చుట్టూ పొర మీద పొర, బంతులు పేర్చినట్టు. "ఆ మధ్య పోగులో రక్తం నడుస్తుంది. పైనున్నదంతా పిల్ల సొంత చర్మమే, అదుపు తప్పి పెరిగింది. కంటికి కనపడని క్రిమి ఒకటి చేయిస్తోందంటున్నారు, చేతి మీద పులిపిర్లు చేయించేలాంటిదే. ఇంకా పూర్తిగా తేలలేదు" అంది. తరవాత నాలుగో పలక పెట్టి చూపించింది. అందులో బంతులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, నల్లగా, గజిబిజిగా. తొక్కిసలాటలో జనంలాగా ఉన్నాయి. నేను చేసిన పని అది. అద్దంలోంచి కన్ను తియ్యడానికి కాస్త సమయం పట్టింది.

"దూది ఎక్కడా నేదా అమ్మా?" అని అడిగాను.

"ఎక్కడా లేదు. ఎప్పుడూ లేదు" అంది.

ఆ ఏడు ఇంకో మూడుసార్లు తీశారు. అరవై తొమ్మిదిలో రెండేసార్లు. మొలకలు వాటంతటవే నెమ్మదించాయి. ఎందుకు నెమ్మదించాయో డాక్టరుగారు చెప్పలేకపోయారు, చెప్పలేనని ఒప్పుకున్నారు కూడా. వానలు వెనకబట్టాక గొట్టానికి బిరడా పెట్టి పది రోజులు చూశారు. పదకొండోనాడు గొట్టం తీసేశారు. మళ్ళీ రావచ్చునని, ఆర్నెల్లకోసారి చూపించమని చెప్పారు. చూపిస్తున్నాం. గౌరి గొంతు చుట్ట కాల్చే ముసలాయన గొంతులాగా ఉంటుంది, అలాగే ఉండిపోవచ్చునట. ఎర్రమ్మ మొగుడు అరవై ఎనిమిది ఎండాకాలంలోనే పోయాడని ఆయా చెప్పింది. ఆమె ఊరి పేరు నేను ఎప్పుడూ సరిగ్గా అడగలేదు. అడగాల్సింది.

బావ నాతో మాట్లాడటానికి ఏడాది పైన పట్టింది. పెద్ద మాటేమీ కాదు. పొందూరు తిరిగొచ్చిన నాలుగోనాడు మగ్గం దగ్గర నుంచి, "నీ కదురు వంకరపోనాదే, సూసుకో" అన్నాడు. చూసుకున్నాను, వంకర పోయింది నిజమే. ఇప్పుడు పత్తి దువ్వడం పెరటి పాకలోనే, గౌరిని అక్కడికి రానివ్వం.

మొన్న కార్తీకంలో, బళ్ళో ఎవరో మెడ మీద మచ్చ ఏమిటని అడిగారట, గౌరి వచ్చి నన్ను అడిగింది. ఊపిరాడకపోతే డాక్టరుగారు గొట్టం పెట్టారని చెప్పాను. అక్కడితో ఆపెయ్యొచ్చు. ఆరేళ్ళ పిల్ల, ఏం తెలుస్తుంది అనుకోవచ్చు. కానీ అబద్ధం ఎంత పని చేస్తుందో నాకు తెలుసు. ఎదురుగా కూర్చోపెట్టుకుని చెప్పాను. "ఇంకోటి ఉన్నాదమ్మా. నీ గొంతులో నాను సోడా నీల్లు పూసినాను. దూదనుకున్నాను. తప్పు సేసినాను."

అది పలక పక్కన పెట్టింది.

"నాకు తెల్సు. కోడీకతో పూసినావు, తాత ఇంట్లో. నాను అరిసినాను గదమ్మా. రోజూ అరిసినాను. నీకు ఇనపడనేదు."

కోపంగా అనలేదు. బళ్ళో జరిగింది చెప్పినట్టు చెప్పింది. దాని చెయ్యి పట్టుకున్నాను. "ఇప్పుడు సెప్పు. ఇంటాను" అన్నాను.

చెప్పింది. ఈక గురించి చెప్పింది. అన్నం ముద్దలు గొంతుకి అడ్డం పడ్డం గురించి, సూదుల గురించి, తలుపు అవతల నన్ను వదిలేసి తనని తోసుకెళ్ళిన బండి గురించి, చిటికె వేసినా నేను తిరిగి చూడని రోజుల గురించి. మధ్యలో గొంతు అరిగిపోతే ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టింది. మూడేళ్ళలో ఒక్కటీ మరిచిపోలేదు. బావ మగ్గం ఆపేశాడు. అత్త వచ్చి గుమ్మంలో కూర్చుంది. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది, ఎవరమూ లేవలేదు. అది చెప్పినంతసేపూ విన్నాను.